పోలిక దొరికాక మొదలయ్యే పని

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సినిమా నేపథ్య సంగీతం గురించి రాసేవాళ్లే తక్కువ, అందులోనూ ఆర్కెస్ట్రా జోలికి వెళ్లేవాళ్లు మరీ తక్కువ. నువ్వు రాయడం మానకూడదనే ఈ ఉత్తరం. అయితే వ్యాసమంతా ఒకే మాట చుట్టూ తిరిగింది: "ఇది అక్కణ్ణుంచి ఎత్తేశారు." సినిమా సంగీతానికీ పాత రచనలకీ మధ్య పదకొండు పోలికలు చూపించావు. తెచ్చుకున్నదాన్ని ఆయా సంగీతకర్తలు ఏం చేశారో మాత్రం దాదాపు ఎక్కడా చెప్పలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో ఒక సినిమా సంగీతం మీద విరుచుకుపడ్డాను. మొదటి ఎనిమిది స్వరాలు ఒక పాత సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన)లోవి, కాబట్టి దొంగతనమని తేల్చేశాను. చాలా ఏళ్ల తర్వాత రెండింటి స్కోర్లూ, అంటే స్వరాలు రాసిన కాగితాలు, పక్కపక్కన పెట్టుకుని చూశాను. పైన నడిచే వరస ఒకటే గానీ కింద నడిచే మంద్ర స్వరాలు, అంటే బేస్, పూర్తిగా వేరు. సింఫనీలో ఆ వరస చివరికి ఆధార స్వరానికి చేరి కుదుటపడుతుంది. సినిమాలో చేరకుండా మధ్యలో ఆగిపోతుంది. ఆ సన్నివేశంలో మనిషి కూడా గుమ్మం దాకా వచ్చి, తలుపు తట్టకుండా నిలబడిపోతాడు. ఇదేదీ అప్పట్లో నా చెవికి అందలేదు. ఆ వ్యాసం అచ్చయిపోయింది. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అసలు ఈ పని ఎలా జరుగుతుందో చూడు. ఎడిటింగ్ జరుగుతున్నప్పుడు చాలా సినిమాలకు సొంత సంగీతం ఇంకా తయారై ఉండదు. అందుకని దర్శకుడో ఎడిటరో పాత రికార్డింగులు తెచ్చి తాత్కాలికంగా అతికిస్తారు. దాన్నే టెంప్ ట్రాక్ అంటారు. నెలల తరబడి ఆ సంగీతంతోనే చూసి చూసి దర్శకుడి చెవి దానికి అలవాటు పడిపోతుంది. షాట్లను కూడా దాని నడకకు తగ్గట్టే కోస్తారు. ఇక కొన్ని వారాలే మిగిలాయనగా సంగీతకర్త చేతికి సినిమా వస్తుంది. అచ్చం ఇలాగే ఉండాలి, కానీ ఇది కాకూడదు అంటాడు దర్శకుడు! ఆ టెన్షన్ అంతా అతని నెత్తిమీదే.

ఒక్కోసారి టెంప్ ట్రాకే గెలుస్తుంది. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ అలెక్స్ నార్త్ చేత సంగీతం రాయించుకుని, దాన్ని పక్కన పెట్టేశాడు. తాత్కాలికంగా పెట్టుకున్న రిహార్డ్ స్ట్రాస్, యోహాన్ స్ట్రాస్, లిగెటీ రచనలనే ఉంచేశాడు. తన సంగీతం లేదని నార్త్‌కు సినిమా చూస్తున్నప్పుడు గానీ తెలియలేదు. అందుకే పోలిక వినపడగానే సంగీతకర్తను బోనులో నిలబెట్టకు. ఆ పోలిక ఎవరు కోరుకున్నదో ముందు అడుగు.

'స్టార్ వార్స్' మీద నువ్వు రాసిన పేరా చూద్దాం. దర్శకుడు జార్జ్ లూకాస్ టెంప్ ట్రాక్‌లో ఆంగ్ల సంగీతకర్త హోల్స్ట్ రాసిన 'ద ప్లానెట్స్' అనే ఆర్కెస్ట్రా రచన ఉంది. 1942 నాటి 'కింగ్స్ రో' సినిమాకి సంగీతకర్త కోర్న్‌గోల్డ్ ఇచ్చిన ప్రధాన బాణీకీ, 1977లో 'స్టార్ వార్స్'కి జాన్ విలియమ్స్ ఇచ్చినదానికీ దగ్గర చుట్టరికం ఉందన్న నీ మాటా నిజమే. కానీ ఎందుకు ఉందో ఆలోచించావా? తెరమీద ఉన్నవన్నీ మనం ఎన్నడూ చూడని లోకాలు, వింత జీవులు. సంగీతం కూడా వింతగా ఉంటే ప్రేక్షకుడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. పాత సాహస చిత్రాల నాటి నిండు ఆర్కెస్ట్రా, పాత్రకో బాణీ అనే పాత పద్ధతి అక్కడ చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఆ సినిమాకి ఆ అరువు అవసరం. కోర్న్‌గోల్డ్ సంగతే తీసుకో. తన సినిమాల బాణీలనే తీసుకెళ్లి 1945లో వయొలిన్ కన్చెర్టో (వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) పూర్తి చేశాడు. నీ లెక్కలో అదేమవుతుంది?

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇటాలియన్ సంగీతకర్త నీనో రోటాది. 'ద గాడ్‌ఫాదర్' (1972) సంగీతానికి ఆస్కార్ నామినేషన్ ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. అందులోని ప్రేమ బాణీని ఆయన 1958లో 'ఫార్చునెల్లా' అనే ఇటాలియన్ సినిమాకి వాడేశాడని బయటపడింది. రెండూ విను. తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి విను. పాత సినిమాలో అది గబగబా, హుషారుగా, కాస్త నవ్వు పుట్టించేలా నడుస్తుంది. గాడ్‌ఫాదర్‌లో అదే వరస నెమ్మదించి, పోగొట్టుకున్న ఊరిని తలచుకుంటున్నట్టు ఉంటుంది. ఒకే వరసను ఆటగానూ పాడొచ్చు, ఏడుపుగానూ పాడొచ్చు. ఆ తేడా నడకలో ఉంది, వాద్యంలో ఉంది, స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన ఖాళీలో ఉంది. నిబంధన ప్రకారం ఆస్కార్లు ఇచ్చే అకాడమీ చేసింది సరే కావచ్చు. నా చెవికి మాత్రం అది కొత్త సంగీతమే. రెండో భాగంలోనూ ఆ బాణీ ఉంది, ఆ సంగీతానికి 1975లో ఆస్కార్ వచ్చింది.

అలాగని ప్రతిదాన్నీ వెనకేసుకు రమ్మనను. 2007లో విడుదలైన '300' సినిమా సంగీతంలో కొన్ని భాగాలు 'టైటస్' (1999) అనే సినిమా కోసం ఎలియట్ గోల్డెన్‌థాల్ రాసిన సంగీతం నుంచి వచ్చాయని నిర్మాణ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. ఇలాంటి చోట మెత్తగా రాయకూడదు. రాసినవాడు బతికే ఉన్నాడు, అది అతని కష్టం. సినిమా సంగీతకర్త జేమ్స్ హార్నర్ సంగతి వేరు. ఆయన సంగీతం ఇచ్చిన 'విల్లో' సినిమాలో పాతకాలపు సంగీతకర్త షూమన్ మూడో సింఫనీ వినపడటం చట్టానికి పట్టదు, షూమన్ 1856లోనే పోయాడు, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఆపద వచ్చిన ప్రతిసారీ సినిమా తర్వాత సినిమాలో అవే నాలుగు స్వరాలు వాడటం దొంగతనం కాదు గానీ బద్ధకం అని నేను రాస్తాను, ఆయన అభిమానినై ఉండి కూడా.

ఇంకొకటి. నువ్వు బాణీని మాత్రమే వెతుకుతున్నావు. హోల్స్ట్ 'ద ప్లానెట్స్'లోని 'మార్స్' మొదలు విను. చెప్పుకోదగ్గ బాణీ ఉండదు. అయిదు మాత్రల తాళం సమ్మెటలా పడుతూ ఉంటుంది, కమాను చెక్కతో తీగలను కొడుతుంటారు. దాన్ని తెచ్చుకున్నవాడు ఒక్క వరస కూడా ముట్టుకోకుండానే హోల్స్ట్‌ను తెచ్చేసుకోగలడు. 'గ్లాడియేటర్' సినిమా సంగీతం మీద 2006లో హోల్స్ట్ ఫౌండేషన్ దావా వేసింది ఈ 'మార్స్' గురించే. శైలికి కాపీరైట్ ఉండదు కాబట్టి ఇలాంటి తగవులు తేలడం కష్టం. కానీ మనం జడ్జీలం కాదు. తాళం తెచ్చుకున్నాడా, వాద్యాల రంగు తెచ్చుకున్నాడా, స్వరాల పొందిక తెచ్చుకున్నాడా అన్నది విడదీసి రాయి. చదివేవాడు ఆ తేడాను తన చెవితో పోల్చుకోగలగాలి.

నీ తొమ్మిదో పోలిక దగ్గర ఒక వాక్యం ఉంది: "ఇక్కడ ఇత్తడి హార్న్‌లన్నీ ఆగిపోయి ఒక్క క్లారినెట్ మిగులుతుంది." దాన్ని నువ్వు దాటేసి వెళ్లిపోయావు. పాత రచనలో అక్కడ హార్న్‌లు ఆగవని నువ్వే పై పేరాలో రాశావు కదా. మిగతా పది పోలికలూ తీసెయ్. ఈ ఒక్కదానితో మొదలుపెట్టి, ఆ క్లారినెట్ వినపడేసరికి తెరమీద ఎవరున్నారో, వాళ్లకేం జరుగుతోందో రాసి మళ్లీ పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ వ్యాసం చదివిన పెద్దవాడు