సమాధానం: నోతోబ్రాంకియస్ కిల్లీ చేప గుడ్లు నీళ్లలోనే ఉంచితే పిల్లలు కావడం కష్టం

నోతోబ్రాంకియస్ ఫర్జెరీ అనే కిల్లీ చేప గుడ్లను నెల రోజులుగా నీళ్లలోనే ఉంచానని, ఒక్క పిల్లా రాలేదని రాశారు. తప్పు గుడ్లది కాదండి, నీళ్లది.

ఈ చేప జింబాబ్వే, మొజాంబిక్‌లలో వానకు నిండి, తర్వాత ఎండి బీటలువారే గుంటల్లో బతుకుతుంది. పెద్దవి చచ్చిపోతాయి. గుడ్లు మాత్రం మట్టిలో ఎదుగుదల ఆపుకుని మళ్లీ వాన కోసం కాచుకుంటాయి. మీరు పెంచే గప్పీ చేపలూ ఇదే సైప్రినోడాంటిఫార్మిస్ అనే చేపల వర్గానివే, కానీ అవి నేరుగా పిల్లల్నే కంటాయి కాబట్టి ఆ అనుభవం ఇక్కడ పనికిరాదు.

తెల్లబడిన గుడ్లు తీసేసి, మిగిలినవి ఉడికించి కడిగిన కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడిలో) వేయండి. పిడికిలితో పిండితే చుక్క కారకూడదు, వేలికి చెమ్మ మాత్రం తగలాలి. జిప్ కవర్‌లో పెట్టి, తేదీ రాసి, 25 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచండి. రెండు మూడు నెలలు పట్టొచ్చు. క్యాలెండర్ కన్నా గుడ్డునే నమ్మండి: లోపల బంగారు వలయంతో కళ్లు కనబడితే సిద్ధమైనట్టే. అప్పుడు చల్లటి నీళ్లు పోయండి, చాలావరకు ఒక రోజులోపే బయటికొస్తాయి. మొదటి మేతగా అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల లాంటి జీవుల) పిల్లల్ని పెట్టండి.

అన్నట్టు, ఈ చేపల పేరులోని 'కిల్లీ' అంటే ఇంగ్లీషు 'కిల్'లా చంపడం కాదు, డచ్‌లో 'కిల్' అంటే కాలువ. పెద్ద చేపలు ఆరేడు నెలలకే ముసలివైతే టెన్షన్ పడకండి, వాటి ఆయుష్షే అంత.