పాఠకుల ప్రశ్నలు: ఫ్రెంచ్ పేరులో ‘ద’ ఉంటే ప్రభువంశమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లో స్థిరపడి అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. మనవరాలి కోసం కోడలి వైపు వంశవృక్షాన్ని జెనెయానెట్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తున్నాను. 18వ శతాబ్దంలోకి వెళ్ళేసరికి పేర్ల నిండా ‘ద’, ‘ద్యు’ (ఫలానా చోటి అని అర్థమట), ‘సియర్ ద’ (ఫలానా భూమి యజమాని) కనబడుతున్నాయి. సొంత అన్నదమ్ములకే వేర్వేరు పేర్లున్నాయి. ఇంటిపేరు గడిలో దేన్ని రాయాలి? ఇంకొకరు పెట్టిన వృక్షంలో ఇదే కుటుంబం షార్లమేన్ చక్రవర్తి దాకా వెళ్ళింది. దాన్ని మా వృక్షానికి కలుపుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: పూర్వపు ఫ్రాన్స్‌లో భూమీ దానిపై ఏలుబడి హక్కులూ ఉన్న మనిషికి రెండు పేర్లు నడిచేవి: తండ్రి నుంచి వచ్చిన వంశనామం ఒకటి, తన భూమి పేరు మరొకటి. అన్నదమ్ములు తలా ఒక భూమి పంచుకున్నప్పుడు తలా ఒక పేరుతో చలామణి అయ్యేవారు. మీకు ఎదురైన తికమక అదే. మాంటేన్ అని లోకమంతా పిలిచే వ్యాసకర్త అసలు ఇంటిపేరు ఎకెమ్. ఆయన ముత్తాత, బోర్దో నగరపు వర్తకుడు, 1477లో మాంటేన్ అనే భూమిని కొన్నాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. పదమూడో లూయీ మంత్రి కార్డినల్ రిషెల్యూ వంశనామం ద్యు ప్లెసీ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన లాఫాయెత్ వంశనామం ద్యు మొతియే, బొబ్బిలి యుద్ధం వల్ల మనకు బాగా తెలిసిన బుస్సీ ఇంటిపేరు పాతిసియే.

అందువల్ల ఇంటిపేరు గడిలో బాప్తిస్మ, వివాహ పత్రాలలో తండ్రికీ బిడ్డలకూ ఉమ్మడిగా కనబడే వంశనామాన్నే రాయండి. భూమి పేరునూ ‘మార్కీ’, ‘కోంత్’ వంటి బిరుదులనూ వాటికున్న గడుల్లోనే ఉంచండి. ఫ్రెంచివారు విరివిగా వాడే జెన్‌వెబ్ సాఫ్ట్‌వేర్‌లో బిరుదుకూ, అది ఏ భూమికి చెందిందో దానికీ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చెల్లిందో దానికీ వేర్వేరు గడులు ఉన్నాయి. వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి పంపడానికి వాడే గెడ్‌కామ్ ఫైలులో ఇంటిపేరు రెండు ఏటవాలు గీతల మధ్య ఉంటుంది, ప్రభు బిరుదుకు వేరే ట్యాగు ఉంది. ఇంటిపేరునూ బిరుదునూ ఒకే గడిలో కుక్కితే అన్నదమ్ములు వేర్వేరు వంశాలవారిగా విడిపోతారు, వెతికేవారికి ఎవరూ దొరకరు. అక్షరక్రమంలో ‘ద’ను లెక్కించరు కనుక రచయిత అలెక్సిస్ ద తోక్విల్ ‘టి’ కింద వస్తాడు. ‘లా’, ‘ద్యు’, ‘దె’ మాత్రం పేరులో భాగంగానే ఉంటాయి, లాఫాయెత్‌ను ‘ఎల్’ కింద వెతకాలి.

ఇక ‘ద’ ఉన్నంత మాత్రాన ప్రభువంశం కాదు. అది లేనంత మాత్రాన సామాన్య కుటుంబమూ కాదు. నవలాకారుడు బాల్జాక్ తండ్రి పుట్టినప్పుడు ఇంటిపేరు బాల్సా. దాన్ని తండ్రి బాల్జాక్‌గా మార్చుకున్నాడు, కొడుకు ‘ద’ చేర్చుకున్నాడు. అధ్యక్షుడు వాలెరీ జిస్కార్ దెస్తాం పేరులోని చివరి భాగం, అంతరించిపోయిన ఒక పాత ప్రభువంశానిది. దాన్ని చేర్చుకోవడానికి ఆయన తండ్రికి 1922లో ప్రభుత్వ డిక్రీ ద్వారా అనుమతి వచ్చింది. కులచిహ్నం కూడా రుజువు కాదు. 1696 నవంబరు శాసనం ప్రకారం రుసుము తీసుకుని కులచిహ్నాల అధికారి ద్‌ఓజియే నమోదు చేసిన లక్షకు పైగా చిహ్నాలలో వర్తకులవీ వృత్తి సంఘాలవీ ఎన్నో ఉన్నాయి. పత్రాలలో మీరు వెతకవలసినవి ‘ఎక్యుయె’, ‘షెవాలియే’ అనే ప్రభు హోదా మాటలు. అవి తరతరానా వరుసగా కనబడితే ప్రభువంశమని అనుకోవడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. ‘నోబ్ల్ ఓమ్’ (గొప్ప మనిషి) అనే మాట వినడానికి గొప్పగా ఉంటుంది కానీ, ఉత్తర ఫ్రాన్స్‌లోని చాలా ప్రాంతాల్లో దాన్ని పట్టణపు సంపన్నులే వాడుకునేవారు. మీరు రాసిన ‘సియర్ ద’ కూడా అటువంటిదే.

1790 జూన్ 19న విప్లవ సభ వంశపారంపర్య ప్రభు హోదానూ బిరుదులనూ రద్దు చేసి, ప్రతి పౌరుడూ అసలు ఇంటిపేరే వాడాలని శాసించింది. అందుకే ఒకే మనిషి 1788 పత్రంలో ఒకలా, 1793 పత్రంలో మరొకలా కనబడతాడు. రెంటిలో ఏదీ తప్పు కాదు కాబట్టి దేన్నీ చెరిపేయకుండా, వంశనామాన్ని ముఖ్యంగా ఉంచి, రెండో పేరును పత్రం తేదీతో సహా మారుపేరుగా చేర్చండి.

షార్లమేన్ దగ్గరికి వద్దాం. ఆయన సంతతి ఐరోపాలో లెక్కకు అందనంత మంది ఉన్నారు కాబట్టి మీ మనవరాలు కూడా ఆ సంతతి కావడం అసంభవమేమీ కాదు. అయితే ఎదుటివారి వృక్షంలో వెయ్యేళ్ళ వరుస ఉండటం వేరు, ఆ వరుసలోని ప్రతి ముడికీ పత్రం ఉండటం వేరు. చర్చిలలో బాప్తిస్మాల నమోదును 1539లోనూ, వివాహాలూ ఖననాల నమోదును 1579లోనూ రాజశాసనాలు తప్పనిసరి చేశాయి. అంతకుముందు కాలానికి నోటరీల ఒప్పందాలు, భూముల విధేయతా పత్రాలు, వంశ నిరూపణ దస్త్రాలే గతి. పైగా పారిస్ నగరంలో 1860కి ముందరి రిజిస్టర్లు రెండు ప్రతులూ 1871 మే నెల మంటల్లో కాలిపోయాయి, మూడో వంతు మాత్రమే తిరిగి కూర్చగలిగారు. అటువంటి చోట ఆధారం చెప్పకుండా ఖచ్చితమైన తేదీలు ఇచ్చిన వృక్షం కనబడితే, అవి ఎక్కడివని దాని యజమానిని అడగడం మీ హక్కు.

పేరు కలిసినంత మాత్రాన రక్తం కలవదు. పిల్లలు లేని కార్డినల్ రిషెల్యూ తన డ్యూకు పదవిని అక్క మనవడికి, తన ఇంటిపేరూ చిహ్నమూ ధరించాలన్న షరతుతో, ఇచ్చి వెళ్ళాడు. కనుక ఆ తరువాతి రిషెల్యూ డ్యూకులు తండ్రి వైపు విన్యెరో వంశస్థులు. వారిని నేరుగా ద్యు ప్లెసీ తండ్రికి కొడుకులుగా తగిలిస్తే ఒక ఆడబిడ్డ వంశవృక్షం నుంచి మాయమైపోతుంది. ప్రభువంశాలలో ఇటువంటి దత్తతలూ షరతులూ ఎన్నో. నా సలహా ఇది: మీ దగ్గర పత్రమున్న ఆఖరి తరం దగ్గర వృక్షాన్ని ఆపి, ఆ పైవారి విషయం ‘ఇంకా రుజువు కాలేదు’ అని నోటులో రాయండి. జిల్లా దస్త్రాలయాలలో చాలావరకు పాత రిజిస్టర్ల ఫోటోలను ఆన్‌లైన్‌లో పెట్టాయి. ఒక్కో తరాన్ని అక్కడ సరిచూసుకున్న తరువాతే పైకి వెళ్ళండి.

ప్రశ్న: పెళ్ళైన ఫ్రెంచ్ స్త్రీలను భర్త ఇంటిపేరుతో నమోదు చేయాలా? – మరో పాఠకుడు

జవాబు: అక్కరలేదు. అక్కడి రిజిస్టర్లు స్త్రీని పుట్టింటి పేరుతోనే రాస్తాయి. జనన పత్రంలో లేని పేరు ఎవరూ ధరించకూడదని 1794 ఆగస్టు 23 నాటి చట్టం కూడా చెప్పింది. లేఖలతో ప్రసిద్ధి పొందిన మదామ్ ద సెవిన్యే కూడా వృక్షంలో మరీ ద రాబ్యుతాఁ-షాంతాల్‌గానే ఉండాలి, సెవిన్యే అన్నది 1644లో పెళ్ళాడిన భర్త ఆన్రీ దగ్గర ఉంటుంది.