మెంటల్ హెల్త్ ఎన్జీఓ బోర్డులోకి రమ్మంటే వెళ్లాలా? నాకు తెలిసింది చెప్తా

మీ ప్రశ్న చదివాను. మీ ఊళ్లో మానసిక ఆరోగ్యం మీద పనిచేసే చిన్న సంస్థ వాళ్లు మిమ్మల్ని బోర్డు మెంబర్‌గా రమ్మన్నారు, మీరేమో సాఫ్ట్‌వేర్, డాక్టర్ కాదు, "నేను వెళ్లి చేసేదేముంటుంది, రేపు ఏదైనా తేడా వస్తే నా మెడకి చుట్టుకుంటుందా" అని అడిగారు. నేను బ్యాంకులో రిటైరయ్యాక గుంటూరు వైపు ఇలాంటి సొసైటీ ఒకదానికి కొన్నేళ్లు ట్రెజరర్‌గా చేశా, ఆ అనుభవంతో చెప్తున్నా, అన్ని సంస్థలూ ఇలాగే ఉంటాయని అనుకోకండి.

బోర్డు మెంబర్ అనగానే పేషెంట్ల పక్కన కూర్చుని ఓదార్చడం అనుకుంటారు చాలామంది. అసలు బోర్డువాళ్లకి పేషెంట్లతో నేరుగా పనుండదు, నన్నడిగితే ఉండకూడదు కూడా. మా సంస్థ చేసేదల్లా నెలకి కొన్నిసార్లు మండలాల్లో ఓపీ పెట్టడం, సైకియాట్రిస్టుని తీసుకెళ్లడం, మందులు ఇవ్వడం, రానివాళ్ల ఇంటికి సోషల్ వర్కర్ వెళ్లి కనుక్కోవడం. ఇందులో బోర్డు పని ఒక్కటే, ఆ మందు ఆగకుండా చూడటం. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటివాటికి చాలామంది ఏళ్ల తరబడి మందు వాడాలి, బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లోవాళ్లు ఆపేస్తే కొన్ని నెలలకి మళ్లీ మొదలు. అదే మన దగ్గర డబ్బుల్లేక ఓపీ మూతపడి ఆగిపోయిందనుకోండి, అప్పుడు ఎవర్ని అంటాం?

డబ్బులిచ్చేవాళ్లకి మాత్రం క్యాంపులు ఇష్టం. సీఎస్ఆర్ (కంపెనీలు సమాజసేవకి పెట్టాల్సిన ఖర్చు) సంగతి మీకు తెలిసే ఉంటుంది, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, దాంతో జనవరి ఫిబ్రవరి వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి, "మార్చి లోపు ఒక మెగా క్యాంపు చెయ్యగలరా సార్, బ్యానర్ మేం పంపిస్తాం" అని. ప్రపోజల్ మొదటి పేజీలో అందరూ ఒకే అంకె వేస్తారు, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వే, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదు అని. అంకె నిజమే. కానీ ఒక్కరోజు క్యాంపు పెట్టి కొత్తగా వందమందిని కనిపెట్టి, పదిహేను రోజుల మందిచ్చి, తర్వాత నెల అక్కడికి మళ్లీ వెళ్లకపోతే అది వైద్యం అందించినట్టా? మా బోర్డులో అన్నిటికన్నా పెద్ద గొడవలు దీనిమీదే జరిగాయి. ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఉండేవారు, ఆయన వాదన "వచ్చే డబ్బుని వద్దంటామా అండీ" అని, తప్పు కాదు ఆయన మాట కూడా. చివరికి ఒక పద్ధతికొచ్చాం, ఎవరు క్యాంపుకి డబ్బిచ్చినా అందులో బయటపడ్డవాళ్లకి ఏడాదిపాటు మందులూ ఫాలోఅప్ ఖర్చూ కూడా అదే బడ్జెట్లో ఉంటేనే ఒప్పుకోవడం. కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం ప్రతి ఏడూ ఇస్తూనే ఉన్నారు.

దీనికి తోడు మేం రిపోర్టు మార్చాం. అంతకుముందు బోర్డు మీటింగులో "ఈ క్వార్టర్ ఎంతమందిని చూశాం" అనే లైనే పైన ఉండేది, ఆ అంకె ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది, అందరం చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్లేవాళ్లం. ఇప్పుడు మొదటి లైను, పోయిన క్వార్టర్ వచ్చి ఈ క్వార్టర్ రానివాళ్లు ఎంతమంది, ఎందుకు రాలేదు. మీరు సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇక్కడ మీ అవసరం బాగా ఉంటుంది, ఒక మామూలు ఎక్సెల్ షీటు సరిగ్గా పెట్టినా చాలు, పెద్ద యాప్ ఏదీ కట్టక్కర్లేదు.

ఆ షీటు చూస్తే కొన్ని సంగతులు వాటంతటవే బయటపడతాయి. మా వైపు మిరప కోతలు మొదలయ్యాయంటే ఓపీ సగం ఖాళీ. కూలి పోగొట్టుకుని ఎవరొస్తారండీ, పేషెంటుతో పాటు తోడు వచ్చేవాళ్ల కూలి కూడా పోతుంది. కోతల టైంలో రెండు నెలల మందు ఒకేసారి ఇచ్చేద్దాం అని బోర్డులో తేలిగ్గా అనేశాం, మా డాక్టర్ గారు ఒప్పుకోలేదు, చనిపోవాలనే ఆలోచన ఉన్నవాళ్ల ఇంట్లో అన్ని మాత్రలు పెట్టడమేంటి, ఎవరికి ఎన్నిరోజులివ్వాలో నేను చూసి చెప్తా, అది కూడా ఇంట్లోవాళ్ల చేతికే ఇవ్వాలి అన్నారు. అలా కొందరికి రెండు నెలలు, మిగతావాళ్లకి సోషల్ వర్కర్ బండిమీద వెళ్లి ఇచ్చొచ్చేలా, ఆ పెట్రోలు బిల్లు నేను శాంక్షన్ చేసేలా కుదిరింది. వైద్యం విషయంలో డాక్టర్ మాటే చివరి మాట, బోర్డు డబ్బు దగ్గర ఆగాలి, ఆ గీత దాటే మెంబర్లు ప్రతి బోర్డులోనూ ఒకరుంటారు.

ఇంకొకటి, మీరు చేరబోయే బోర్డులో జబ్బు అనుభవించినవాళ్లో, అలాంటివాళ్లని ఇంట్లో చూసుకునేవాళ్లో ఒక్కరైనా ఉన్నారా అడగండి. మాకు ఒకావిడ ఉండేది, కొడుకుకి స్కిజోఫ్రెనియా, ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. ఉదయం ఎనిమిదిన్నరకే ఓపీ పెట్టి, రావట్లేదు రావట్లేదు అని మేం గింజుకుంటుంటే "ఆ మాత్ర రాత్రి వేసుకుంటే పొద్దున తొమ్మిదింటిదాకా లేవలేరండీ, బలవంతంగా లేపితే ఇంట్లో గొడవ, మధ్యాహ్నం పెట్టండి" అంది. అంతే. డాక్టరూ, చార్టర్డ్ అకౌంటెంటూ, హెడ్మాస్టారూ, నేనూ ఎవరికీ తట్టలేదు అది.

వికలాంగుల సర్టిఫికెట్ గురించి పట్టుబట్టింది కూడా ఆవిడే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి కూడా ఉంది, సదరం క్యాంపులో (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చేది) 40 శాతం గానీ ఆపైన గానీ వేస్తే పింఛనుకి అర్హత, ఆంధ్రలో 2024 నుంచి అది నెలకి 6,000. ఒక కుటుంబానికి ఆ 6,000 అంటే మేమిచ్చే మందుల కన్నా ఎక్కువ ఆసరా. కానీ స్లాటు దొరకాలి, పేషెంటుని అక్కడిదాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాలి, పైకి బాగానే కనిపిస్తున్నాడే అనేవాళ్లకి పాత ఓపీ కాగితాలన్నీ చూపించాలి. మా కాగితాలు తేదీల వారీగా ఉండటం వల్లే చాలామందికి పనయింది.

గోప్యత సంగతి. చిన్న ఊరు, అందరూ అందరికీ తెలుసు. మీటింగులో పేరు వినపడగానే "ఫలానా వాళ్ల అమ్మాయి కదూ" అని ఒకరంటారు, వారం తిరిగేలోపు ఆ అమ్మాయి పెళ్లి సంబంధం చెడిపోతుంది. అందుకే బోర్డు కాగితాల్లో పేర్లు రాయం, నంబర్లే. ఫోటోలు మరీ ప్రమాదం. మందులు పంచుతూ ఫోటో దిగి పేపర్లో వేయించుకోవాలని దాతలకి ఉంటుంది, కానీ 2017 మానసిక ఆరోగ్య చట్టం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచమంటుంది, వైద్యం పొందుతున్నవాళ్ల ఫోటో వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదంటుంది. మా దగ్గర ఫోటో అంటే బిల్డింగు, స్టాఫు, మందుల అట్టపెట్టెలు, అంతవరకే. కోపాలొచ్చాయి, రానీండి.

ఇప్పుడు మీ భయం, మెడకి చుట్టుకోవడం గురించి. రాత్రి పేషెంట్లని ఉంచుకునే హోమ్ ఏదైనా ఆ సంస్థకి ఉందా అని మొట్టమొదట కనుక్కోండి. ఉంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేకుండా నడిపితే మొదటిసారే 5,000 నుంచి 50,000 దాకా జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే 5 లక్షలదాకా పోతుంది. జరిమానా కన్నా నాకు గుర్తొచ్చేది ఏర్వాడి, తమిళనాడులో 2001 ఆగస్టు 6న అక్కడి ఆశ్రమంలో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. మాకు ఒకాయన పాత ఇల్లు ఇస్తాను, రోడ్లమీద తిరిగేవాళ్లని ఉంచండి అన్నప్పుడు మా బోర్డు వద్దంది, రాత్రి నర్సుని పెట్టే స్తోమత లేనప్పుడు ఇల్లుండి ఏం లాభం.

డబ్బు వ్యవహారంలో నేను చూసేవి చెప్తా, బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది. చెక్కుమీద ఇద్దరి సంతకం ఉండాలి, ఆ ఇద్దరూ మొగుడూపెళ్లాలు కాకూడదు. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఇప్పుడు శాశ్వతం కాదు, గడువు లోపు రెన్యువల్ చేసుకోవాలి, ఆ తేదీ ఎవరికి గుర్తుందో అడగండి. 2,000 దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి 80జీ రాదు, ఖర్చు వైపు ఒకే మనిషికి రోజుకి 10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూడరు. ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ధర్మకార్యానికి వాడాలి అనే రూలు వల్ల రిజర్వు కూడబెట్టడం కష్టం, అందుకని ఇవ్వగలిగిన దాతల్ని "ఇది కార్పస్‌కి (ఖర్చు చెయ్యకుండా ఉంచే మూలనిధికి)" అని లెటర్ మీద రాసిమ్మని అడిగేవాళ్లం. కనీసం ఆరునెలల మందులూ జీతాలూ పక్కన లేకుండా కొత్త మండలం మొదలుపెట్టకూడదని తీర్మానం చేసుకున్నాం. బోర్డు మెంబరు బిల్డింగునే సంస్థకి అద్దెకి ఇవ్వడం, మెంబరు తోడల్లుడి షాపులోనే మందులు కొనడం, ఇలాంటివి మినిట్స్‌లో (మీటింగు తీర్మానాల పుస్తకంలో) రాయకుండా జరుగుతుంటే ఎంత మంచివాళ్లైనా దూరంగా ఉండండి. జరగొచ్చు, తప్పేం కాదు, కానీ మార్కెట్ రేటుకి, ఆ మనిషి మీటింగులోంచి బయటికెళ్లాక మిగతావాళ్లు ఒప్పుకుని, కాగితం మీద ఉండాలి.

స్టాఫు గురించి ఒక మాట. సైకాలజీలో ఎం.ఏ. చేసినవాళ్లందరూ క్లినికల్ సైకాలజిస్టులు కారు, దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని వచ్చినవాళ్లని కౌన్సెలర్‌గా పెడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎందుకు తీసుకున్నారని మిమ్మల్నే అడుగుతారు. ఉన్న సోషల్ వర్కర్లకి జీతం ఆలస్యం చెయ్యకండి, వాళ్లు మానేస్తే పేషెంట్లు కూడా మానేస్తారు, పేషెంట్ల ఇల్లు ఎక్కడో కూడా ఆ సోషల్ వర్కర్‌కే తెలుసు కాబట్టి. ఓపీ చీటీ వెనక టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 అచ్చు వేయించండి, 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, మీ ఆఫీసు మూసేసిన టైంలో కూడా పనిచేస్తుంది.

టైం ఎంత పడుతుందంటారా, మూడు నెలలకో మీటింగు అని చెప్పి తీసుకెళ్తారు, మార్చిలోనూ ఆడిట్ టైంలోనూ మాత్రం దాదాపు రోజూ ఫోన్లే. ఒప్పుకునే ముందు గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులూ, చివరి రెండు మీటింగుల మినిట్సూ అడగండి, ఒక మీటింగుకి ఊరికే వచ్చి కూర్చుంటానని చెప్పండి. ఇష్టంగా పిలిచారంటే వెళ్లండి, "మీకెందుకండీ అవన్నీ, పేరుంటే చాలు" అన్నారంటే మాత్రం వద్దు.