ఇంజిన్‌కు బొంత కప్పడం దేనికి?

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో, విన్నిపెగ్ దగ్గర పైలట్ శిక్షణలో ఉన్నాడు. విమానం సెస్నా 172. మొన్న వీడియో కాల్‌లో చూపించాడు. ముక్కు మీద బొంత కప్పి, లోపలి నుంచి కరెంటు వైరు తీసి గోడ ప్లగ్గులో పెట్టారు. ఎగిరేటప్పుడేమో ముందు గాలి దూరే కంతలకు రేకులు బిగిస్తారట. గాలి ఆడకపోతే ఇంజిన్ కాలిపోదా? పాత విమానాలు అంటగట్టారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, బొంత కప్పకపోతే భయపడాలి గానీ కప్పినందుకు కాదు. మీ అబ్బాయి ఉన్న ఆ మానిటోబాలోనే ఒక చిన్న హ్యాంగర్‌లో ఆరు శీతాకాలాలు మెకానిక్‌గా పనిచేసి బెజవాడ వచ్చినవాణ్ణి. మొదటి జనవరిలో, మైనస్ 30 డిగ్రీల చలిలో రాత్రంతా ఆరుబయట వదిలేసిన విమానంలో ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి చూశాను. ఆయిల్ చుక్కగా జారలేదు. ముదిరిన పాకంలా తీగ సాగి, అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

ధనుర్మాసంలో కొబ్బరినూనె సీసా ఎండలో పెడతారు కదా, కొంచెం అలాంటిదే ఇదీ. కాకపోతే కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే తెల్లగా పేరుకుంటుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతూ పోతుంది. అంత చిక్కటి ఆయిల్‌ను పంపు సరిగా లాగలేదు. లాగినా సన్నటి దారుల్లో నుంచి బేరింగుల దాకా చేరేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా లోహం లోహంతో రాసుకుంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇంజిన్ పెట్టె అల్యూమినియం, లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఉక్కు. చలికి ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది. అంటే ఆయిల్‌కు దారి కావలసిన వేళకే బేరింగు చుట్టూ సందు బిగుసుకుంటుంది. అందుకే ఆయిల్ ఒక్కటే వెచ్చబడితే చాలదు, ఇంజిన్ మొత్తం వెచ్చబడాలి. మీరు చూసిన వైరు చివర, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌కు అతికించిన హీటరు పట్టీ ఉంటుంది. కొన్నింటిలో సిలిండర్లకూ ఉంటాయి. ఆ వేడి బయటికి పోకుండా పైకి పాకడానికే బొంత. ఇలాంటి విమాన ఇంజిన్లు చేసే లైకమింగ్ కంపెనీ తన ఇంజిన్లలో ఎక్కువ రకాలకు మైనస్ 12 డిగ్రీల కంటే చలి పెరిగితే ముందుగా వేడిచేయమంటుంది.

అలాస్కాలో, ఉత్తర కెనడాలో పాతకాలపు పైలట్లు సాయంత్రం దిగగానే ఆయిల్ డబ్బాల్లోకి వంచి గుడిసెలోకి తీసుకెళ్లేవారు. పొద్దున పొయ్యి మీద కాచి తిరిగి పోసేవారు. ఇంజిన్‌కు కాన్వాస్ గుడారం కట్టి, కింద నిప్పు పెట్టేవారు. నిప్పు దాటితే విమానమే పోయేది! మీవాడికి ప్లగ్గు ఉంది, అదృష్టవంతుడు.

ఇక రేకులు. ఈ ఇంజిన్‌ను చల్లబరిచేది ఎదురుగాలే. మైనస్ 20 డిగ్రీల గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో కొడితే ఆయిల్ వేడెక్కదు. వేడెక్కకపోతే నష్టమేమిటంటారా? ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చాలావరకు పొగగొట్టం నుంచి ఆవిరిగా పోతుంది, కొంత మాత్రం పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ 80 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే గానీ ఆ తేమ వదలదు. లేకపోతే లోపల తుప్పు. రేకులు కంతలను పూర్తిగా మూయవు, కొంత భాగమే కప్పుతాయి. సెస్నా వాటిని మైనస్ 7 కంటే చలిగా ఉన్నప్పుడే వాడమంటుంది. చలి తగ్గాక తీయడం మరిచిపోతే అప్పుడు మీరు భయపడినంతా జరుగుతుంది.

ఒక్కటి మాత్రం అడగండి. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం ఉంటుంది. ఒక ఫిబ్రవరిలో మా దగ్గరి విమానం ముక్కు నుంచి అద్దం దాకా ఆయిల్ కారుతూ దిగింది. చూస్తే ఆ గొట్టం చివర బొటనవేలంత మంచు బిరడా. ఆవిరికి దారి లేక, లోపలి ఒత్తిడి ఇంజిన్ ముందువైపు ఆయిల్ సీలును తన్నేసింది. రన్‌వే దగ్గరలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అందుకే ఆ గొట్టానికి పైన, కౌలింగ్ (ఇంజిన్ మీది రేకు కప్పు) లోపల వెచ్చటి చోట చిన్న చీలిక పెడతారు. ఈసారి ఫోనులో అన్నం తిన్నావా అని అడిగాక, బ్రీదర్ చూశావా అని కూడా అడగండి.

ప్రశ్న: మేం చలికాలం లారీని పొద్దున్నే స్టార్ట్ చేసి కాసేపు వదిలేస్తాం, అదే వేడెక్కుతుంది. విమానాన్నీ అరగంట అలా నడిపితే పోదా? ఈ హీటర్లు ఎందుకు?
– ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మేస్త్రీ గారూ, లారీకి మీరు చేసేదీ నాకు నచ్చదు గానీ ఆ తగవు తర్వాత. అరిగేది స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే. తర్వాత అరగంట తిప్పినా ఆ అరుగుదల వెనక్కి రాదు. పైగా నేల మీద నెమ్మదిగా తిరిగే ఇంజిన్ నీటిని పుట్టిస్తుందే తప్ప ఆవిరి చేయలేదు. సెస్నా చెప్పేది 1000 ఆర్‌పీఎం దగ్గర 2 నుంచి 5 నిమిషాలు. తర్వాత రెండు మూడుసార్లు వేగం పెంచి, తడబడకుండా అందుకుని, ఆయిల్ ప్రెషర్ నిలకడగా ఉంటే వెళ్లవచ్చు. గట్టి చలిలో ఆయిల్ వేడి చూపే సూది అప్పటికి కదలకపోయినా ఫర్వాలేదు. ప్రెషర్ సూది విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మామూలుగా 30 సెకన్లలో, గట్టి చలిలో నిమిషంలో లేవకపోతే ఇంజిన్ ఆపేయాలి.

ప్రశ్న: గన్నవరంలో ఎగిరేవాళ్లకు ఈ బాధ లేదు కదా సార్?
– ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: చిక్కబడే బాధ లేదు బాబూ, జనవరి తెల్లవారుజామున కూడా మన దగ్గర ఆయిల్ హాయిగా పారుతుంది. నీటి బాధ ఉంది. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కు టేకాఫ్ ముందు ఆయిల్ 50 డిగ్రీలు అందుకోవాలి, ఎగిరిన రోజు ఒక్కసారైనా 100 తాకాలి. పది నిమిషాలు తిప్పి దించేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. అనుమానం ఉంటే ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడు. మజ్జిగ చిలికిన కవ్వానికి అంటుకున్నట్టు పాలిపోయిన తెట్టు కనిపిస్తే, ఆ ఇంజిన్ ఈ మధ్య సరిగా వేడెక్కలేదు.