తీసేసినా తిరిగొచ్చే వైరస్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రొయ్యల మేత షాపండి. బిల్లింగ్ కంప్యూటర్లో యాంటీవైరస్ రోజూ పొద్దున్నే ఒకే పేరు చూపించి 'తొలగించాం' అంటుంది. మర్నాడు మళ్లీ అదే. ఫుల్ స్కాన్ ఎన్నిసార్లు చేసినా ఇంతే. ఫార్మాట్ కొట్టక తప్పదంటారా?
– ఒక వ్యాపారి, భీమవరం

జవాబు: తొలగించడమూ నిజమే, తిరిగి రావడమూ నిజమే. యాంటీవైరస్ పట్టుకుంటున్నది ఒక ఫైలును. ఆ ఫైలును రోజూ తెచ్చి పెడుతున్నది వేరే ఉంది, దాని మీద ఇంకా చెయ్యి పడలేదు. కాలవలో గుర్రపుడెక్కను పైపైన లాగేస్తే మళ్లీ కమ్మేయదూ? ఇదీ అంతే.

ముందు విండోస్ సెక్యూరిటీలో 'ప్రొటెక్షన్ హిస్టరీ' తెరిచి, దొరికిన ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో పూర్తి దారి కాగితం మీద రాసుకోండి. వైరస్ పేరు కన్నా ఈ దారే ఎక్కువ చెబుతుంది. తర్వాత అక్కడే 'ఎక్స్‌క్లూజన్స్' చూడండి. స్కాన్ చేయొద్దని చెప్పిన ఫోల్డర్ల జాబితా అది. మీరు పెట్టనిది అందులో ఏదైనా కనిపిస్తే దొంగ అక్కడే కాపురం ఉన్నట్టు. దొంగ యాక్టివేటర్లతో విండోస్‌నో ఆఫీస్‌నో 'ఒరిజినల్' చేయించుకున్న కంప్యూటర్లలో ఇది మరీ మామూలు. ఎన్ని ఫుల్ స్కాన్‌లు చేసినా ఆ ఫోల్డర్ వైపు యాంటీవైరస్ తిరిగి చూడదు.

ఇప్పుడు నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి, చెప్పిన వేళకు ప్రోగ్రాములను దానంతటదే నడిపే 'టాస్క్ షెడ్యూలర్' తెరవండి. ఒక్కో టాస్కులో 'యాక్షన్స్' చూస్తూ పోండి. పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్, ఎంఎస్‌హెచ్‌టీఏ లాంటి, స్క్రిప్టులు నడిపే విండోస్ ప్రోగ్రాములను లేపుతూ యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లలోని ఫైలును పిలిచే టాస్కు ఉంటే దాన్ని అనుమానించండి. యాప్‌డేటా అని కనిపించగానే తీసేయకండి, వన్‌డ్రైవ్ లాంటి మంచివీ అక్కడి నుంచే నడుస్తాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'ఆటోరన్స్' ఉంటే పని ఇంకా తేలిక. కంప్యూటర్‌తో పాటు మొదలయ్యేవన్నీ ఒకే చోట చూపిస్తుంది. అందులో మైక్రోసాఫ్ట్ సొంత ఎంట్రీలను దాచేసే ఆప్షన్ పెట్టుకుంటే జాబితా సగానికి పైగా తగ్గిపోతుంది. గులాబీ రంగు వరస అంటే తయారు చేసిన కంపెనీ డిజిటల్ సంతకం లేనిది లేదా సరిపోనిది, పసుపు అంటే ఆ ఫైలే లేదని. గులాబీ అయినంత మాత్రాన వైరస్ కాదు. చిన్న కంపెనీల ప్రింటర్ డ్రైవర్లూ అలాగే కనిపిస్తాయి. అందుకే డిలీట్ కొట్టకుండా ముందు టిక్ తీసి చూడండి. తేడా వస్తే మళ్లీ పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత 'స్కాన్ ఆప్షన్స్'లో ఉండే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే పావుగంట వెతుకుతుంది. విండోస్‌తో పాటు లేచి దాక్కునే వాటికి అప్పుడు దాక్కునే వీలుండదు. డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డేటాకు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, రీస్టార్ట్‌లో అడిగితే అడగొచ్చు.

ఇంత చేసినా తిరిగొస్తే ఫార్మాటే. అసలు బ్యాంకు, జీఎస్టీ పనులు జరిగే కంప్యూటర్ అయితే ఒక రోజుకు మించి వేటాడకుండా నేరుగా అక్కడికే వెళ్లమంటాం. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్‌లోకి విండోస్‌ను వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి ఎక్కించండి. సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తే డి డ్రైవ్‌లోని సెటప్ ఫైలు నుంచి మళ్లీ అంటుకుంటుంది, అందుకని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ డిస్కులోని పార్టిషన్లన్నీ తీసేయాలి. అన్నీ పోతాయి కాబట్టి బిల్లింగ్ డేటా, డాక్యుమెంట్లు, ఫొటోలు ముందే బయటికి తీసుకోండి. సెటప్ ఫైళ్లు, షార్ట్‌కట్లు మాత్రం తీసుకోవద్దు. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

ప్రశ్న: మా జిరాక్స్ షాపుకు వచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోతున్నాయి. పిల్లలు ప్రాజెక్టు పోయిందని ఏడుస్తున్నారండీ.
– పాలకొల్లు

జవాబు: ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని దాచింది. షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేయకుండా ప్రాపర్టీస్ తెరిచి 'టార్గెట్' చదవండి. డబ్ల్యూస్క్రిప్ట్, రన్‌డీఎల్ఎల్32, సీఎండీ అని ఉంటే ఇదే బాపతు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమనండి, దాంతో పాటు 'రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచు' అన్న టిక్ కూడా తీసేయండి. చాలాసార్లు పేరు లేని ఒక ఫోల్డర్ బయటపడుతుంది, సరుకంతా అందులోనే. కావలసిన ఫైళ్లను మాత్రం బయటికి కాపీ చేసి, డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి.

అయితే అసలు రోగి మీ షాపు కంప్యూటరే కావచ్చు. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి రెండు నిమిషాలు ఆగి చూడండి. అందులోనూ షార్ట్‌కట్ పుడితే ముందు భీమవరం వారికి చెప్పినదంతా మీ కంప్యూటర్‌కు చేయాలి. లేకపోతే ఊళ్లోని పెన్‌డ్రైవ్‌లన్నింటికీ మీ షాపే అంటిస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉచిత తొలగింపు టూల్స్ దొరుకుతాయి.

ప్రశ్న: మా రైస్ మిల్లు కంప్యూటర్లో ఫైళ్లన్నింటి చివరా ఏదో కొత్త పేరు చేరింది. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్లో '_రీడ్‌మీ' అనే ఫైలు, 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లో అయితే 490 అని. టాలీ లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.
– తణుకు

జవాబు: మీరు రాసిన లక్షణాలు 'స్టాప్' లేదా 'డీజేవియు' అని పిలిచే రాన్సమ్‌వేర్‌వి, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌వి. సాధారణంగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. ముందు నెట్ తీసేయండి, బ్యాకప్ డ్రైవ్ ఇప్పుడే తగిలించకండి. ఇది ఒక షెడ్యూల్డ్ టాస్కు పెట్టి వెళ్తుంది, కొత్తగా వచ్చిన ఫైళ్లనూ తాళం వేస్తూ పోతుంది. బ్యాకప్ పెట్టి అదీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఆ రీడ్‌మీ ఫైలు అడుగున 'పర్సనల్ ఐడీ' చూడండి. చివరి రెండు అక్షరాలు చిన్నబడి 'టీ', అంకె '1' అయితే ఆఫ్‌లైన్ కీతో తాళం పడినట్టు. అదే కీ చాలామందికి పడి ఉంటుంది కాబట్టి ఎమ్సీసాఫ్ట్ కంపెనీ ఇచ్చే ఉచిత డీక్రిప్టర్ (తాళం తీసే టూల్) ఇవాళో తర్వాతో పనిచేసే అవకాశం ఉంది. అలా లేకపోతే కీ వాళ్ల సర్వర్లోనే ఉంటుంది, దాన్ని ఊహించి తీసే సాఫ్ట్‌వేర్ లేదు. 'మేం తీసిస్తాం' అని ముందుగా డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. ఏ రకమో నిర్ధారించుకోవడానికి 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైట్లో పాడైన ఫైలు ఒకటి, ఆ నోటు ఒకటి ఇస్తే చెబుతుంది. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టినది, డబ్బు తీసుకోదు.

ఈ రకం ఒక్కో ఫైలులో మొదటి 150 కేబీ వరకే పాడు చేస్తుంది. అందుకే పెద్ద వీడియోలను రిపేర్ టూల్స్‌తో కొంతవరకు బతికించవచ్చు. చిన్న లెక్కల ఫైళ్లకు ఆ ఆశ లేదు. ఫైళ్ల పేర్లు మార్చకుండా మొత్తం వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, రీడ్‌మీతో సహా దాచిపెట్టండి. కీ తర్వాత బయటపడితే పనికొస్తాయి. దీంతో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే వైరస్‌లు కూడా తరచూ వస్తాయి, కాబట్టి మిల్లు బ్యాంకు ఖాతా, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఈ రోజే మార్చేయండి. ఆ తర్వాత విండోస్ కొత్తగా వేసుకోండి. టాలీ బ్యాకప్ రెండు పెన్‌డ్రైవ్‌లలో మార్చి మార్చి తీసి, పని అయ్యాక పీకేసి ఉంచండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఎవరికో ఇచ్చిన 'ఫిక్స్‌లిస్ట్' నా లాప్‌టాప్‌లో నడిపాను. వైరస్ పోలేదు, నెట్ కూడా పోయింది.
– డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

జవాబు: ఫిక్స్‌లిస్ట్ ఒక్క కంప్యూటర్ కోసమే రాస్తారు. ఎఫ్ఆర్ఎస్‌టీ అనే టూల్ తీసిన రిపోర్టు చదివి, ఆ మెషీన్లో ఏ ఫైలు, ఏ సర్వీసు తీయాలో ఒక్కో వరసగా రాస్తారు. పక్కింటివాడి మందు చీటీ మీకు పనికిరాదని వేరే చెప్పాలా? నెట్ పోయిందంటే ముందు సెట్టింగ్స్‌లో ప్రాక్సీ చూడండి, 'ప్రాక్సీ సర్వర్ వాడు' ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది కాకపోతే సిస్టమ్ రిస్టోర్‌లో పాత తేదీ ఉందేమో చూడండి. తీసేసిన ఫైళ్లు సి డ్రైవ్‌లో ఎఫ్ఆర్ఎస్‌టీ ఫోల్డర్లోని క్వారంటైన్‌లో ఉంటాయి, ఆ ఫోల్డర్ తుడిచేయకండి.

ఇక సాయం అడిగేటప్పుడు 'వైరస్ వచ్చింది, అర్జెంట్' అని రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. విండోస్ వెర్షన్, యాంటీవైరస్ చూపిన పేరూ దారీ ఉన్నదున్నట్టు, ఎప్పటి నుంచి, ఆ ముందు రోజు ఏం ఇన్‌స్టాల్ చేశారు, ఇప్పటికే ఏమేం నడిపారు. ఇవన్నీ రాయాలి. మీ విషయంలో ఆ తప్పు ఫిక్స్‌లిస్ట్ సంగతి దాచకండి, అది ఏమేం చేసిందో రాసి ఉండే 'ఫిక్స్‌లాగ్' ఫైలు కూడా జతచేయండి. ఎఫ్ఆర్ఎస్‌టీ ఇచ్చే రెండు రిపోర్టులూ పంపాలి, 'అడిషన్' అనేది వదిలేస్తే మళ్లీ అడుగుతారు. రిపోర్టులో మీ యూజర్ పేరు, ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, పంపే ముందు ఒకసారి చదువుకోండి.

ఒకే చోట అడగండి. రెండు చోట్ల అడిగి ఇద్దరు చెప్పినవీ కలిపి చేస్తే ఇద్దరి రిపోర్టులూ చెల్లవు. చెప్పేవాళ్లలో చాలామంది జీతం లేకుండా, వేరే దేశాల నుంచి తీరిక దొరికినప్పుడు చూస్తారు, జవాబు రావడానికి రోజు పట్టొచ్చు. ఆలోగా సొంతంగా కొత్త టూల్స్ నడపొద్దు. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉంటే ముందు తీసేయమంటారు, తీసేయండి. విడిగా మెసేజ్ పెట్టి ఎనీడెస్క్ (దూరం నుంచి మీ కంప్యూటర్ నడిపే యాప్) కోడో, ఓటీపీయో, డబ్బో అడిగేవాడు మాత్రం సాయం చేసేవాడు కాదు.

ప్రశ్న: వాట్సాప్‌లో వచ్చిన చలానా ఫైలు తెరిచాను. ఫోన్ దానంతటదే మెసేజ్‌లు పంపుతోంది. ఆ యాప్ అన్‌ఇన్‌స్టాల్ కావడం లేదండి.
– కొబ్బరి వ్యాపారి, అమలాపురం

జవాబు: డబ్బు పోయి ఉంటే ఇది చదవడం ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకు చేయండి. నిజమైన చలానా ఏపీకే ఫైలుగా, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలుగా రాదు.

సిమ్ తీసేసి, వైఫై ఆపేయండి. పవర్ మెనూలో 'పవర్ ఆఫ్'ను నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులోకి వెళ్లి యాక్సెసిబిలిటీలో ఆ యాప్‌ను ఆపండి, 'డివైస్ అడ్మిన్ యాప్స్'లో టిక్ తీయండి. అది తీయనంత వరకు అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయదు. తెర మీద ఐకాన్ లేకపోయినా సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో ఉంటుంది. సిమ్ తిరిగి వేశాక ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వార్డింగ్‌లన్నీ రద్దవుతాయి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' కూడా ఖాళీ చేయండి. ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేసుకోవడం మంచిదే, కానీ దాన్ని సర్వరోగ నివారిణి అనుకోకండి. 2019లో బయటపడిన 'ఎక్స్‌హెల్పర్' రీసెట్ తర్వాత కూడా మళ్లీ మొలిచేది, రీసెట్ తుడవని సిస్టమ్ భాగంలో చోటు సంపాదించుకునేది కాబట్టి. మీ ఫోన్‌దీ అదే తీరైతే కంపెనీ సర్వీస్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తగా ఎక్కించాలి.

ప్రశ్న: రెండు యాంటీవైరస్‌లు వేస్తే బలం ఎక్కువా?
– నరసాపురం

జవాబు: కాదు. ఎప్పుడూ కాపలా కాసేది ఒకటే ఉండాలి, రెండుంటే ఒకదాని ఫైళ్లను ఇంకొకటి పట్టుకుని కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. మీరు అడిగినప్పుడు మాత్రమే వెతికే రెండో స్కానర్ ఉంచుకోవచ్చు. మీది విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ముందు ఆ సంగతి చూసుకోండి.