ఉన్నంతలో అందంగా పెళ్లి చేసుకోవాలంటే

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేసుకుంటున్నాం. పెద్దల మీద భారం వేయకుండా పెళ్లి ఖర్చు మేమే పెట్టుకోవాలనుకున్నాం. ఇంకా ఐదు నెలల సమయం ఉంది. ఇద్దరం కలిసి దాచుకున్నది మా ఇద్దరి ఎనిమిది నెలల జీతాలంత ఉంటుంది. అందులో సగం కొత్త ఇంటి అడ్వాన్సుకీ సామానుకీ అట్టిపెట్టాం. ఈమధ్య మా స్నేహితుల పెళ్లిళ్లన్నీ చాలా ఘనంగా జరిగాయి. మా అమ్మ రాసిన అతిథుల జాబితా నాలుగు వందలు దాటింది. ఒక్క పేరు తీసేయమన్నా కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. నేను చేసుకోబోయే అతనేమో అప్పు తీసుకుందాం, మూడేళ్లలో తీర్చేద్దాం అంటున్నాడు. నాకు భయంగా ఉంది. డబ్బు మాట మొదలైతే చాలు, ఇద్దరం గొడవపడుతున్నాం. తక్కువ ఖర్చుతో అందంగా పెళ్లి చేసుకోవడం నిజంగా సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: సాధ్యమే. కొత్త కాపురానికి కావలసిన డబ్బును ముందే పక్కన పెట్టి, మిగిలినదానిలోనే పెళ్లి జరుపుకోవాలనుకున్నారు, అది చాలా మంచి పని. ఆ సగాన్ని ఎవరు ఎంత బతిమాలినా కదపకండి. అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకొకటి తోచింది. అందులో అమ్మగారి జాబితా ఉంది, ఆమె కన్నీళ్లు ఉన్నాయి, అప్పు ఆలోచన ఉంది, మీ భయం ఉంది. కానీ పెళ్లికి మీరు పెట్టగలిగింది ఇంత అని అంకెతో సహా ఆమెకు చెప్పినట్టు ఎక్కడా లేదు. ఎంత ఉందో తెలియని తల్లి తన మనసుకు తోచినంత మేరకు పేర్లు రాసుకుంటూ పోతుంది. వాటిని తీసేయమన్నప్పుడు ఆమెకు మీ ఇబ్బంది అర్థం కాదు, తనవాళ్లను మీరు వద్దంటున్నారనే అనిపిస్తుంది. కాబట్టి హాలు, అలంకరణ, బట్టలు అన్నింటికన్నా ముందు మీ ఇంట్లో బయటపడవలసింది ఆ అంకె.

అప్పు సంగతి మొదట తేల్చుకోండి, ఎందుకంటే ఆ అవకాశం ఉందన్న ఆలోచన మనసులో మెదులుతున్నంతకాలం మిగతా ఏ నిర్ణయమూ నిలబడదు. ఏడాదికి 12 శాతం వడ్డీతో, మూడేళ్లలో తీర్చే షరతు మీద లక్ష తీసుకుంటే, నెలకు సుమారు 3,321 చొప్పున 36 వాయిదాలు కట్టవలసి ఉంటుంది. అంటే లక్షకు దాదాపు 1,19,570 తిరిగి ఇస్తారన్నమాట. దీన్ని మీ జీతాల లెక్కలోకి మార్చి చూద్దాం. మీరు పెళ్లికోసం ఉంచుకున్న నాలుగు నెలల జీతాలకు తోడు మరో నాలుగు నెలల జీతాలంత అప్పు తెస్తే, ఆపైన మూడేళ్లపాటు ప్రతి నెలా మీ ఇద్దరి ఆదాయంలో 13 శాతం ఆ ఒక్కరోజు కోసమే పోతూ ఉంటుంది. కాపురం మొదటి మూడేళ్లలోనే ఉద్యోగం మారవలసి రావచ్చు, ఇల్లు మారవలసి రావచ్చు, బిడ్డ పుట్టవచ్చు, పెద్దవాళ్లకు జబ్బు చేయవచ్చు. వీటిలో ఏది వచ్చినా వాయిదా మాత్రం ఆగదు. వడ్డీ లేకుండా సర్దుతామనే చుట్టాల దగ్గర తీసుకోవడం తేలిక అనిపిస్తుంది గానీ, అలా ఇచ్చినవాళ్లకు మీ ఇంటి విషయాల్లో సలహాలు చెప్పే చనువు కూడా దానితోపాటే వస్తుంది. నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను: ఈ పెళ్లికి అప్పు వద్దు.

ఘనంగా చేయకపోతే కాపురానికి ఏదో లోటు వస్తుందన్న దిగులు మీకుంటే ఒక పరిశోధన గురించి చెప్పాలి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికశాస్త్రవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియాలన్ 2014లో ఆ దేశంలో పెళ్లయిన మూడు వేల మందికి పైగా ప్రశ్నించి, పెళ్లి ఖర్చుకూ కాపురం నిలిచిన కాలానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. ఉంగరం మీదా, పెళ్లి మీదా ఎక్కువ ఖర్చు పెట్టినవారి కాపురాలు తక్కువ కాలం నిలిచే ధోరణి వారికి కనిపించింది. ఖర్చు వల్లే కాపురాలు చెడిపోయాయని దీనివల్ల రుజువు కాదు. అయినా ఖర్చు కాపురాన్ని కాపాడుతుందనే నమ్మకానికి మాత్రం అందులో ఆధారం దొరకదు. అదే పరిశోధనలో మరో సంగతి కూడా తేలింది, అది మీ అమ్మగారి పక్షాన ఉంది: పెళ్లికి ఎక్కువమంది వచ్చిన జంటల కాపురాలు ఎక్కువ కాలం నిలిచే ధోరణి కనిపించింది. అంటే పదిమందీ రావాలన్న ఆమె కోరికను చాదస్తమని కొట్టిపారేయడానికి వీల్లేదు. మీరు ఆలోచించవలసింది, వచ్చే మనుషులను తగ్గించకుండా ఒక్కొక్కరి మీద అయ్యే ఖర్చును ఎలా తగ్గించాలా అని.

పెళ్లి ఖర్చులో కొంత భాగం ఎంతమంది వచ్చినా మారదు: మీ బట్టలు, ఫోటోగ్రాఫర్ రోజు వేతనం, తంతు జరిపించేవారికి ఇచ్చేది. మిగతాదంతా మనిషికింత అని పెరుగుతుంది. భోజనాలు, కుర్చీలు, వడ్డించే మనుషులు, హాలు ఎంత పెద్దది కావాలన్నది, వాహనాలు నిలిపే చోటు కూడా తలల లెక్క మీదే ఆధారపడతాయి. చాలామంది పూలల్లోనో మేకప్‌లోనో కొంత మిగిల్చి, ఈ రెండో భాగాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. చివరికి ఎంత పొదుపు చేసినా డబ్బు ఎందుకు సరిపోలేదో వారికి అర్థం కాదు.

అందుకని నా సూచన ఏమిటంటే, పిలుపులను రెండుగా విడదీయండి. పెళ్లి తంతుకూ భోజనానికీ అతి దగ్గరివాళ్లను మాత్రమే పిలవండి. మిగిలినవాళ్లందరినీ అదే రోజో, మరో రోజో, రెండు భోజనాల మధ్య వచ్చే వేళలో గంటన్నరపాటు పలకరింపుకోసం ఆహ్వానించండి. ఏ వేళకు పిలుస్తున్నామన్నదే ఏం పెట్టాలన్నదాన్ని నిర్ణయిస్తుంది. భోజనం వేళకు పిలిచి తేలికగా సరిపెడితే అది అమర్యాద అవుతుంది, మధ్యాహ్నం దాటాక పిలిచి మనసారా పలకరించి పంపితే ఎవరూ తప్పు పట్టరు. ఆహ్వానంలోనే వేళ, అది ఎటువంటి కలయిక అన్నది దాపరికం లేకుండా రాయండి. ఇలా పిలిస్తే అమ్మగారి జాబితాలో ఎవరి పేరూ కొట్టివేయవలసిన అవసరం రాదు, ఎవరు ఏ కలయికకు అన్నది మాత్రమే నిర్ణయించుకోవాలి.

ఆమెతో మాట్లాడేటప్పుడు జాబితాను ఎదురుగా పెట్టుకుని, తీసేయమనే మాట ఎత్తకుండా, గుర్తులు పెట్టమని అడగండి. “అమ్మా, పెళ్లికి మా దగ్గర ఉన్నది ఇంత. ఇది దాటితే అప్పు చేయాలి, అది తీరేదాకా నిన్ను చూడటానికి రావాలన్నా మేం లెక్క చూసుకోవాల్సి వస్తుంది. ఎవరు లేకపోతే నీకు నా పెళ్లి జరిగినట్టే అనిపించదో, ముందు వాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టు” అని చెప్పి, ఆ తర్వాత తొందరపెట్టకుండా ఊరుకోండి. ఆమె మొదట అన్ని పేర్లకూ గుర్తు పెట్టవచ్చు. పెట్టనివ్వండి. ఒక్కో పేరు గురించీ ఆమె చెప్పేది వినండి. మీరు పుట్టినప్పుడు ఆసుపత్రిలో తోడున్నదెవరో, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు అడగకుండానే వచ్చి నిలబడ్డదెవరో ఆ మాటల్లోనే బయటపడుతుంది. వాళ్లు దగ్గరివాళ్ల జాబితాలో ఉండవలసినవాళ్లే, వాళ్లకోసం మీ సహోద్యోగుల్లో కొందరిని పలకరింపు జాబితాలోకి మార్చడానికి మీరు కూడా సిద్ధపడాలి. త్యాగం అంతా ఒక్క అమ్మగారి వైపు నుంచే జరిగితే ఆమె ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు ఎక్కువ రోజులు నిలవదు.

ఇక మరో ప్రమాదం చిన్న చిన్న అదనాలు. మనస్తత్వశాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1981లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరిని ఇలా అడిగారు: మీరు 15 డాలర్లకు కొనబోతున్న కాలిక్యులేటర్ ఇరవై నిమిషాల దూరంలోని దుకాణంలో 10 డాలర్లకే దొరుకుతుంటే అక్కడికి వెళ్తారా? 68 శాతం మంది వెళ్తామన్నారు. మరికొందరికి అదే ప్రశ్న వేసి, కాలిక్యులేటర్ ధర 125 నుంచి 120కి తగ్గుతుందని చెప్పినప్పుడు వెళ్తామన్నవారు 29 శాతమే. మిగిలేది రెండు సందర్భాల్లోనూ ఐదు డాలర్లే అయినా, పెద్ద మొత్తం పక్కన నిలబెట్టేసరికి అది లెక్కలోకి రాకుండా పోయింది. పెళ్లి పనుల్లో ప్రతిరోజూ జరిగేది ఇదే. “ఇంత పెడుతున్నారు, ఇంకొంచెం వేస్తే ప్రవేశద్వారం కూడా పూలతో నిండిపోతుంది” అని డెకరేషన్ వాళ్లు అన్నప్పుడు, ఆ కొంచెం మొత్తం ఖర్చు పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అలాంటి ప్రతి అదనాన్నీ మీ జీతంతో కొలవండి. ఇది మాకు ఎన్ని రోజుల పని అని ఒకరినొకరు అడిగి చూసుకోండి. అన్ని రోజులు కష్టపడి అయినా అది కావాలనిపిస్తే సంతోషంగా పెట్టండి, అందులో తప్పేమీ లేదు.

అందం విషయంలో మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. అలంకరణతో అందంగా మార్చవలసిన చోటు కన్నా, ఇప్పటికే అందంగా ఉన్న చోటు ఎంచుకోండి. చెట్ల నీడ ఉన్న ఆవరణ, పెద్ద కిటికీల్లోంచి పగటి వెలుగు పడే గది, బంధువుల ఇంటి విశాలమైన వాకిలి, ఇలాంటివి చూడండి. పగటి వెలుగులో లైట్ల ఖర్చు దాదాపు ఉండదు, ఫోటోలు కూడా సహజంగా వస్తాయి. హాలంతా పలచగా అలంకరించడం కన్నా మీరిద్దరూ కూర్చునే ఒక్క చోటును నిండుగా అలంకరించడం మంచిది, ఎందుకంటే అందరి చూపూ, కెమెరా చూపూ అక్కడే ఉంటాయి. ఆ రుతువులో విరివిగా దొరికే పూలు వాడండి. పెళ్లిళ్ల రద్దీ లేని వారాలనూ, వారం మధ్య రోజులనూ అడిగి చూడండి, ఒకే హాలుకు రోజును బట్టి అద్దె మారుతుంది. బట్టలు అద్దెకు తెచ్చుకోవడమో, మళ్లీ కట్టుకోగలిగినవి కొనుక్కోవడమో చేయండి.

అయితే కొన్నింట్లో పొదుపు చేయకండి. వచ్చినవారికి తాగేనీళ్లు, కూర్చునే చోటు, ముసలివాళ్లు మెట్లెక్కకుండా వెళ్లే దారి, శుభ్రమైన మరుగుదొడ్లు, చెప్పిన సమయానికి భోజనం ఉండాలి; వీటిలో లోపం జరిగితే ఎంత అలంకరణ ఉన్నా అతిథులు ఇబ్బందిపడతారు. అలాగే వంటవాళ్ల దగ్గర, వడ్డించేవాళ్ల దగ్గర, శుభ్రం చేసేవాళ్ల దగ్గర కూలి తగ్గించమని గీచి గీచి బేరమాడకండి. ఖర్చు తగ్గించాలంటే పని తగ్గించండి, మనిషి కష్టానికి ఇచ్చేది తగ్గించకండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ప్రతిదీ కాగితం మీద ఉండాలి. అద్దెలో కుర్చీలు, కరెంటు, శుభ్రం చేయడం కలిసి ఉన్నాయా, సమయం దాటితే గంటకు ఎంత, పన్నులు అదనమా, తేదీ మారితే అడ్వాన్సు ఎంత తిరిగి వస్తుంది అన్నవి మాటల్లో తేల్చుకుని ఊరుకోకండి. మొత్తంలో పదోవంతు అనుకోని ఖర్చులకు విడిగా ఉంచండి. అది మిగిలిందని చివరి వారంలో ఎవరో గుర్తుచేసి ఖర్చు పెట్టించే ప్రమాదం ఉంది, అందుకే అది ఎంత ఉందో మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియనవసరం లేదు.

స్నేహితుల సాయం అడగడానికి మొహమాటపడకండి, కానీ ఏదైనా సాయం చేయండని గాలిలో వదిలేయకుండా ఫలానా పని అని చెప్పి అడగండి. అక్షరాలు అందంగా రాసే స్నేహితురాలితో ఆహ్వానం రాయించుకోవచ్చు, పాడగలిగినవారితో పాడించుకోవచ్చు. అదే తమ కానుక అనుకొమ్మని చెప్పండి. పెళ్లి జరిగే సమయంలో వంటగదిలోనో గేటు దగ్గరో నిలబడవలసిన పనిని మాత్రం దగ్గరివాళ్లకు అప్పగించకండి. వాళ్లు మీ పెళ్లి చూడటానికి వస్తున్నారు.

చివరిగా, మీరు చేసుకోబోయే ఆయన గురించి. అప్పు చేద్దామన్నందుకు ఆయనను దుబారా మనిషని అనుకోకండి. నలుగురిలో మీ ఇద్దరికీ మాట రాకూడదని, మిమ్మల్ని తక్కువ చేశానన్న నింద తన మీద పడకూడదని ఆయన భయపడుతూ ఉండవచ్చు, మగవాళ్లు ఆ భయాన్ని భయమని చెప్పడం అరుదు. అప్పు తేవాలా వద్దా అని వాదించే బదులు, “ఈ పెళ్లిలో ఏది లేకపోతే నువ్వు బాధపడతావు?” అని అడగండి. ఆయన మూడు విషయాలు, మీరు మూడు విషయాలు విడివిడిగా కాగితం మీద రాసుకుని, తర్వాత మార్చుకుని చదవండి. రెండు కాగితాల్లోనూ ఉన్నవాటికి డబ్బు ముందుగా కేటాయించండి. ఒక్కరి కాగితంలోనే ఉన్నవాటికి తర్వాతి వంతు. ఏ కాగితంలోనూ లేనిది ఎవరికోసం చేస్తున్నారో అప్పుడు మీకే తెలిసిపోతుంది. ఈ మాటలు రాత్రి అలసిపోయి ఉన్నప్పుడు ఫోన్లో కాకుండా, ఒక సెలవురోజు పొద్దున ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి.

మీకు ఐదు నెలలు ఉన్నాయి కాబట్టి మొదటి రెండు వారాలు ఎవరికీ ఒక్క పైసా అడ్వాన్సు ఇవ్వకండి. ముందు ఆయనతో ఆ కాగితాలు, తర్వాత ఇద్దరూ కలిసి అమ్మగారి దగ్గర ఆ జాబితా, ఆ తర్వాత ఆయన ఇంట్లోని పెద్దల దగ్గర అదే అంకె చెప్పండి. హాలు చూడటానికి అప్పుడు వెళ్లండి. అమ్మగారు మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకుంటే మాట మార్చకుండా, కసురుకోకుండా ఆమె పక్కనే కూర్చోండి, మర్నాడు మళ్లీ అదే జాబితా తీయండి.