గుర్తులు రాసుకోకుండా సుడోకులో ‘ఒకే సమాధానం’ నియమాన్ని వాడుకోవడం ఎలా?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో, చేతిలో పెన్ను ఒక్కటే ఉన్నప్పుడు, దినపత్రికలోని సుడోకును గళ్ల మూలల్లో చిన్న అంకెలు రాసుకోకుండా పూర్తి చేయవచ్చునా అని అడిగారు. చేయవచ్చును, అందుకు నాకు ఎక్కువగా అక్కరకు వచ్చినది దీర్ఘచతురస్ర పద్ధతి.

రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు గళ్లు, అంటే ఒక దీర్ఘచతురస్రపు నాలుగు మూలలు, సరిగ్గా రెండు పెట్టెలలోనే (3×3 గళ్ల చదరాలలోనే) ఉండాలి. ఉదాహరణకు 1, 2 అడ్డు వరుసలు 2, 5 నిలువు వరుసలతో కలిసేచోట, పై గళ్లలో వరుసగా 3, 8, కింద ఎడమ గడిలో 8 మీరే నింపారనుకుందాం. అప్పుడు నాలుగో గడిలో 3 రాదు. వస్తే ఆ నాలుగు గళ్లలో 3, 8లను తారుమారు చేసినా ఏ వరుసకూ, ఏ పెట్టెకూ భంగం కలగదు కనుక సమాధానాలు రెండవుతాయి. సక్రమంగా కూర్చిన సుడోకుకు సమాధానం ఒక్కటే ఉండాలి.

ఆ నాలుగింటిలో ఒక్కటైనా ముందే అచ్చైన అంకె అయితే, దానిని మార్చే వీలు లేదు కాబట్టి, ఈ వాదన చెల్లదు. పత్రికలో అచ్చు అంకె, పెన్ను అంకె విడిగా కనిపిస్తాయి గనుక ఆ తేడాను గుర్తుంచుకునే శ్రమ ఉండదు. మూడు గళ్లు ఇంకా ఖాళీగా ఉండి, వాటిలో 3, 8 తప్ప మరేవీ పట్టవని మనసులో తేలితే, నాలుగో గడి నుంచి ఆ రెండింటినీ తొలగించవచ్చు. బస్సు కుదుపుల్లో అంత లెక్కను తలలో నిలుపుకోవడం మాత్రం కష్టమే.